సైన్ ఇన్వర్స్ కొట్టేయదు: ఒక సెకండ్ పీయూ విద్యార్థి కేసు

బెంగళూరులో సెకండ్ పీయూ (మన ఇంటర్ రెండో సంవత్సరం లాంటిది) పిల్లలకు ఇంటి దగ్గర లెక్కలు చెప్పడం నా పని. వచ్చేవాళ్లలో తెలుగిళ్ల పిల్లలే ఎక్కువ. ఈ కేసులోని కుర్రాడి ఊరు, కాలేజీ, ఇంటి సంగతులు వదిలేశాను. గుర్తుపట్టే వీలున్న ఒకటి రెండు వివరాలు మార్చాను. లెక్కలు మాత్రం అతని నోట్‌బుక్‌లో ఉన్నవే. తప్పు ఎక్కడుందో పట్టుకోవడానికి నాకు ఐదు వారాలు పట్టింది. అందులో నాలుగు వారాలు వేరేచోట వెతుకుతూ గడిపాను. నాలాగా పాఠం చెప్పేవాళ్లకు పనికొస్తుందేమోనని రాస్తున్నాను.

నేపథ్యం

పదో తరగతి వరకు ఆంధ్రలో తెలుగు మీడియం. నాన్న ఉద్యోగం మారడంతో ఇక్కడికి వచ్చి పీయూలో చేరాడు. ఫస్ట్ పీయూ నుంచీ నా దగ్గరే ఉన్నాడు. కూడికలు, గుణకారాలు నోటితో చేసేస్తాడు. ఫార్ములా ఒకసారి చూస్తే చాలు, మళ్లీ అడగక్కర్లేదు. కేసీఈటీ (కర్ణాటక ప్రవేశ పరీక్ష)తో పాటు జేఈఈ మెయిన్ కూడా రాయాలని ఇంట్లో అనుకున్నారు.

సిలబస్ గురించి ఒక్క మాట చెప్పాలి, తర్వాత అవసరం పడుతుంది. ఇక్కడ పీయూ లెక్కలకు ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకమే. అందులో ఇన్వర్స్ ట్రిగొనామెట్రీ రెండో చాప్టర్. వాటి డెరివేటివ్‌లు, అంటే గ్రాఫ్ వాలు చెప్పేవి, ఐదో చాప్టర్‌లో వస్తాయి. నడుమ మాత్రికలు, నిర్ధారకాలు ఉంటాయి. సైన్ ఇన్వర్స్‌కి (సైన్ విలువ ఇస్తే కోణం చెప్పేది) రేంజ్, అంటే జవాబు ఉండాల్సిన హద్దులు, ఎందుకు బిగించామో జూన్‌లో నేర్చుకున్న పిల్లవాడు, దాని డెరివేటివ్ దగ్గరికి వచ్చేసరికి ఆ సంగతి ఎప్పుడో మరిచిపోయి ఉంటాడు.

మొదట కనిపించింది

ఐదో చాప్టర్ నడుస్తుండగా ఎనిమిది ప్రశ్నల చిన్న పరీక్ష పెట్టాను. మూడే సరైనవి. చురుకైన పిల్లవాడికి ఇది వింతగా తోచింది. అందులో మూడు తప్పులు ఇవి.

సైన్ ఇన్వర్స్ (సైన్ 150°) ఎంత అంటే 150° అని రాశాడు. రావాల్సింది 30°.

ట్యాన్ ఇన్వర్స్ 2 + ట్యాన్ ఇన్వర్స్ 3 ఎంత అంటే, కూడిక ఫార్ములాలో వేసి (2 + 3)/(1 − 6) = −1 తెచ్చి, −45° అని రాశాడు. రావాల్సింది 135°.

వై = సైన్ ఇన్వర్స్ (2ఎక్స్/(1 + ఎక్స్²)) అయితే, ఎక్స్ = 2 దగ్గర డెరివేటివ్ ఎంత అంటే, వై = 2 ట్యాన్ ఇన్వర్స్ ఎక్స్ అని మార్చుకుని, 2/(1 + ఎక్స్²)లో 2 వేసి, 2/5 అన్నాడు. రావాల్సింది −2/5.

ప్రయత్నాలు

పరీక్షలు దగ్గర పడుతున్నాయి కాబట్టి నాకు ముందు తట్టింది జ్ఞాపకం సంగతే. ఆరు ఇన్వర్స్ ప్రమేయాలకు డొమైన్ (లోపల వేయదగ్గ విలువలు), రేంజ్, డెరివేటివ్ మూడు నిలువు వరుసలుగా చార్ట్ గీసి ఇచ్చాను. వారం తర్వాత ఒప్పజెప్పమన్నాను. గడగడా చెప్పాడు. కాస్ ఇన్వర్స్ డెరివేటివ్‌కి మైనస్ ఉంటుందని, సెక్ ఇన్వర్స్ డెరివేటివ్‌లో ఎక్స్‌కి రెండు వైపులా నిలువు గీతలు ఉంటాయని తడుముకోకుండా చెప్పాడు. అదే రోజు అదే రకం లెక్కలు ఇస్తే అవే తప్పులు. జ్ఞాపకం లోపం కాదని ఆ రోజే అర్థం చేసుకోవాల్సింది. నేను మాత్రం చార్ట్ సరిపోలేదనుకున్నాను.

తర్వాత గ్రాఫులు పట్టుకున్నాను. సైన్ గ్రాఫ్‌లో −90° నుంచి 90° వరకు ఉన్న ముక్క కత్తిరించి, అడ్డం తిప్పి, సైన్ ఇన్వర్స్ గ్రాఫ్ తెప్పించాను. కాస్‌కి 0° నుంచి 180° ముక్క. బొమ్మలు బ్రహ్మాండంగా వేశాడు. కాకపోతే గ్రాఫ్ ఒక పేజీలో, లెక్క ఇంకో పేజీలో. లెక్క చేసేటప్పుడు అటు చూడటమే లేదు. గ్రాఫ్ వేయమన్న ప్రశ్నకే గ్రాఫ్ పనికొస్తుందని అతని లెక్క.

మూడో ప్రయత్నం ఒక కథ. ఇది నాకు బాగా నచ్చిన కథ కూడా. మా ఊళ్లో వెంకటేశ్వర్లు పేరున్నవాళ్లు నలుగురు ఉండేవారు. ఇంటిపేరు లేకుండా ఉత్తరం వస్తే పోస్ట్‌మాన్ తీసుకెళ్లి గుడివీధి వెంకటేశ్వర్లు చేతిలో పెట్టేవాడు. రాసినవాడి మనసులో ఎవరున్నారో పోస్ట్‌మాన్‌కి తెలియదు. ఎవరో ఒకరికి ఇవ్వాలి కాబట్టి ఆయన్ని ఖాయం చేసుకున్నారు. 30°, 150°, 390° అన్నిటికీ సైన్ దగ్గర 0.5 అన్న ఒకే పేరు. సైన్ ఇన్వర్స్ అనే పోస్ట్‌మాన్ ఆ పేరు చూసి −90° నుంచి 90° వీధిలో ఉన్నవాడికే ఇస్తాడు. కుర్రాడు పడీపడీ నవ్వాడు. మర్నాడు కాస్ ఇన్వర్స్ (కాస్ 240°) ఇస్తే 240° అని రాశాడు. అది 120° కావాలి.

"నిన్నటి గుడివీధి గుర్తుందా?"

"ఉంది సార్. వెంకటేశ్వర్లు!"

కథ గుర్తుంది. లెక్కలో ఆ కథకి చోటు దొరకలేదు. కథలు చెప్పి పాఠం అయిపోయిందనుకునే నా అలవాటుకు ఇది గట్టి దెబ్బే.

నా మాటే

ఐదో వారం కొత్తగా ఏదీ చెప్పకూడదనుకున్నాను. ఎదురుగా కూర్చోబెట్టి, రాసే ప్రతి అడుగుకీ కారణం పైకి చెబుతూ చేయమన్నాను. తప్పు చేసినా మధ్యలో ఆపనని మాటిచ్చాను. ఈ మాట నిలబెట్టుకోవడం ఎంత కష్టమో టీచర్లకు తెలుసు.

సైన్ ఇన్వర్స్ (సైన్ 150°) దగ్గర ఏమీ ఆలోచించకుండా రెండు సైన్‌ల మీదా పెన్నుతో అడ్డగీత కొట్టేశాడు. భిన్నంలో పైనా కిందా 5 ఉంటే కొట్టేసినట్టు.

"అదెందుకు కొట్టేశావు?"

"సైన్, సైన్ ఇన్వర్స్ కొట్టేసుకుంటాయి కదా సార్. మీరే చెప్పారు."

నేనెప్పుడు చెప్పానన్నాను. నోట్‌బుక్ వెనక్కి తిప్పి మొదటి చాప్టర్ పేజీ చూపించాడు. 'ఎఫ్, ఎఫ్ ఇన్వర్స్ కొట్టేసుకుంటాయి' అని రాసి కింద రెండు గీతలు గీసి ఉంది. నిజమే, నేనే చెప్పాను. అక్కడ మాట్లాడుతున్నది ఒక్కో విలువకు ఒక్కో ఇన్‌పుట్ మాత్రమే ఉండే ప్రమేయాల గురించి. వాటికి ఆ మాట అక్షరాలా సరిపోతుంది. సైన్ అలాంటిది కాదు, అందుకే దాన్ని ఒక ముక్కకు కుదించి ఇన్వర్స్ కడతాం. కుదించినట్టు రెండో చాప్టర్‌లో చెప్పాను. మొదటి చాప్టర్‌లో చెప్పిన మాటను మాత్రం వెనక్కి తీసుకోలేదు. వాడు రెండూ నమ్మాడు. రెండింటిలో వాడటానికి తేలికైనది కొట్టేయడమే కాబట్టి దాన్నే వాడాడు.

మిగతా తప్పులూ దీని పిల్లలే. 2ఎక్స్/(1 + ఎక్స్²)లో ఎక్స్ = ట్యాన్ తీటా వేస్తే సైన్ 2తీటా వస్తుంది. దాని ముందున్న సైన్ ఇన్వర్స్‌తో కొట్టేస్తే 2తీటా మిగులుతుంది. ఆ అడ్డగీత దగ్గరే మైనస్ గుర్తు పోయింది.

ఏం మార్చాను

రెండు దారులు కనిపించాయి. 'కొట్టేసుకుంటాయి' అన్న మాటకు మినహాయింపులు చేర్చడం ఒకటి. 90° దాటితే 180° నుంచి తీసెయ్, 270° దాటితే ఇంకోలా, కాస్‌కైతే మరోలా. కోచింగ్ మెటీరియల్‌లో ఇలాంటి పట్టికలు కనబడతాయి, వేగానికి పనికొస్తాయి కూడా. ఈ కుర్రాడికి మాత్రం వద్దనుకున్నాను. పట్టిక ఇస్తే ఒక్క రోజులో బట్టీ కొట్టేస్తాడు, మళ్లీ చార్ట్ కథే అవుతుంది. రెండో దారి, కొట్టేయడాన్నే మాన్పించి ఆ చోట ఒక ప్రశ్న పెట్టడం. దాన్నే ఎంచుకున్నాను.

ముందు నా తప్పు ఒప్పుకున్నాను. తర్వాత రెండు వరసల్ని విడదీసి చూపించాను. సైన్ బయట, ఇన్వర్స్ లోపల ఉంటే, అంటే సైన్ (సైన్ ఇన్వర్స్ ఎక్స్) అయితే, ఎక్స్ −1 నుంచి 1 లోపల ఉన్నంతకాలం జవాబు ఎక్స్. అక్కడ కోణాన్ని మనమే తీసుకున్నాం, దాని సైన్ మనకు తెలుసు. ఇన్వర్స్ బయట, సైన్ లోపల ఉంటే మాత్రం కోణం ఎక్కడుందో అడగాలి. అతని మాటల్లోనే, తెలుగులోనే ఆ ప్రశ్న రాయించాను: 'ఈ కోణం వీధిలో ఉందా?' వెంకటేశ్వర్లు కథ చివరికి ఇలా పనికొచ్చింది.

ఆ ప్రశ్న అడగాలంటే కోణం సుమారుగా ఎంతో తెలియాలి. అందుకే ఫార్ములా కంటే ముందు అంచనా రాయాలని నియమం పెట్టాను. ట్యాన్ ఇన్వర్స్ 2 + ట్యాన్ ఇన్వర్స్ 3 మళ్లీ ఇచ్చాను. ట్యాన్ 45° = 1 కాబట్టి రెండు కోణాలూ 45° కంటే పెద్దవి, మొత్తం 90° దాటుతుంది అని రాశాడు. ఫార్ములా −45° చూపించేసరికి తలెత్తి, "రెండు పెద్ద కోణాలు కలిస్తే మైనస్ ఎలా వస్తుంది సార్?" అన్నాడు. ఇన్ని వారాల్లో లెక్కకి ఎదురుతిరిగి వాడు అడిగిన మొదటి ప్రశ్న ఇది. ట్యాన్ విలువ −1 ఉన్న కోణాల్లో 90°కీ 180°కీ మధ్య ఉన్నది 135° అని వాడే తేల్చాడు.

డెరివేటివ్‌ల దగ్గర

ఇక్కడ ఎక్కువ సమయం పెట్టాను, ఎందుకంటే తిరిగి జారిపోయే చోటు ఇదే. సైన్ ఇన్వర్స్ డెరివేటివ్‌ని మొదటి నుంచి చేయించాను. సైన్ వై = ఎక్స్. రెండు వైపులా అవకలనం చేస్తే కాస్ వై × డీవై/డీఎక్స్ = 1. కాబట్టి డీవై/డీఎక్స్ = 1/కాస్ వై. ఇక కాస్ వై అంటే ప్లస్ లేదా మైనస్ √(1 − ఎక్స్²). ఇన్నాళ్లూ అందరిలాగే అతను కూడా ఈ అడుగు దగ్గర ప్లస్ రాసి ముందుకు వెళ్లేవాడు. ఇప్పుడు ఆపి, ప్లస్సే ఎందుకని అడిగాను.

కాసేపు చార్ట్ వైపు చూశాడు. తర్వాత, "వై −90 నుంచి 90 వీధిలో ఉంది కదా, అక్కడ కాస్ మైనస్ అవ్వదు" అన్నాడు. ఆ ఒక్క వాక్యంతో రెండో చాప్టర్ వచ్చి ఐదో చాప్టర్‌కి అతుక్కుంది. కాస్ ఇన్వర్స్‌కి కూడా తనే చేశాడు. అక్కడ డీవై/డీఎక్స్ = −1/సైన్ వై, 0° నుంచి 180° వరకు సైన్ నెగెటివ్ కాదు, కాబట్టి −1/√(1 − ఎక్స్²). రెండు డెరివేటివ్‌లూ కలిస్తే సున్నా వస్తోందని గమనించి, రెండు కోణాల మొత్తం ఎప్పుడూ 90°యే కాబట్టి మారదు అని వాడే చెప్పాడు.

సెక్ ఇన్వర్స్ డెరివేటివ్ 1/(|ఎక్స్|√(ఎక్స్² − 1)). ఆ నిలువు గీతలు ఎందుకో అంతవరకు వాడికి తెలియదు, అలంకారం అనుకున్నాడట. చేసి చూస్తే డీవై/డీఎక్స్ = 1/(సెక్ వై × ట్యాన్ వై). ఎక్స్ −1 కంటే తక్కువైతే వై 90°కీ 180°కీ మధ్య ఉంటుంది. అక్కడ సెక్, ట్యాన్ రెండూ నెగెటివ్, లబ్ధం పాజిటివ్. గీతలు లేకపోతే ఆ వైపు గుర్తు తప్పుతుంది.

ఇక మొదటి పరీక్షలో పోయిన లెక్క. నేను పద్ధతి చెప్పలేదు. ఫోన్ కాలిక్యులేటర్‌తో ఒక పట్టిక చేసుకురమ్మన్నాను. సైన్ ఇన్వర్స్ (2ఎక్స్/(1 + ఎక్స్²)) విలువలు, ఎక్స్ = 0.5, 1, 2, 3, 10 దగ్గర. మెట్రోలో పర్పుల్ లైన్‌లో నిలబడి చేశానన్నాడు. వరుసగా 53.13°, 90°, 53.13°, 36.87°, 11.42° వచ్చాయి. పక్కనే 2 ట్యాన్ ఇన్వర్స్ ఎక్స్ కూడా రాయమన్నాను, అవి 53.13°, 90°, 126.87°, 143.13°, 168.58°.

కాగితం నా ముందు పెట్టి, 1 దాటాక రెండు వరుసలూ కలిపితే ప్రతిసారీ 180° వస్తోందని చూపించాడు. అంటే 1 కంటే పెద్ద ఎక్స్‌కి జవాబు 180° − 2 ట్యాన్ ఇన్వర్స్ ఎక్స్. ఎందుకని అడిగితే, ఎక్స్ 1 దాటితే తీటా 45° దాటుతుంది, 2తీటా 90° దాటి వీధి బయటికి పోతుంది అన్నాడు. రేడియన్లలో (ఒక రేడియన్ సుమారు 57.3°) డెరివేటివ్ −2/(1 + ఎక్స్²). నేను ఇంకొకటి కలిపాను: 2 నుంచి 3కి వెళ్తే విలువ 53 నుంచి 37కి పడిపోతోంది. పడిపోతున్న దానికి డెరివేటివ్ 2/5 అని నువ్వు ఎలా రాశావు? కుర్రాడు సిగ్గుగా నవ్వాడు. ఏ ఫార్ములా తెలియకపోయినా గుర్తు తప్పని ఆ పట్టికే చెబుతోంది.

1 దగ్గర గ్రాఫ్‌కి కోసుగా మొన ఉంటుంది. ఎడమ నుంచి వాలు 1, కుడి నుంచి −1. కాబట్టి అక్కడ డెరివేటివ్ లేదు. −1 దగ్గరా అంతే. ఎక్స్ −1 కంటే తక్కువైతే −180° − 2 ట్యాన్ ఇన్వర్స్ ఎక్స్, డెరివేటివ్ మళ్లీ మైనస్సే.

ఈ పట్టికల మోజులో ఒక సాయంత్రం వృథా అయింది. సైన్ ఇన్వర్స్‌కి 0.5 దగ్గర వాలు కొలుద్దామని 0.51, 0.5 విలువల తేడాని 0.01తో భాగించాడు. 66 చిల్లర వచ్చింది. ఫార్ములా ప్రకారం 1/√0.75, అంటే 1.15. ఫార్ములానే తప్పేమోనని భయపడ్డాడు. ఫోన్ డిగ్రీల్లో ఉంది, అంతే. 66ని 57.3తో భాగిస్తే 1.15 వచ్చేస్తుంది. డెరివేటివ్ ఫార్ములాలు రేడియన్లలోనే నిజమని నేను ఎన్నోసార్లు చెప్పినా, ఆ రోజు కంగారుపడ్డాకే తలకెక్కింది. మామూలు అంచనాలకు డిగ్రీలు, వాలు మాట వస్తే రేడియన్లు అని పెట్టుకున్నాం.

స్పీడ్ గొడవ

ఎనిమిదో వారంలో వాళ్ల నాన్న ఫోన్ చేశారు. "సార్, వాడు ఇదివరకు చకచకా చేసేవాడు, ఇప్పుడు ఒక్కో లెక్క దగ్గర కూర్చుండిపోతున్నాడు." ఆయన టెన్షన్ అర్థమైంది. కేసీఈటీలో లెక్కలకు 60 ప్రశ్నలు, 80 నిమిషాలు. ప్రశ్నకు నిమిషం ఇరవై సెకన్లు. తప్పు జవాబుకు అక్కడ మైనస్ మార్కు లేదు, జేఈఈ మెయిన్‌లో ఉంది. వేగంగా తప్పు రాయడం కేసీఈటీలో ఒక రకం నష్టమైతే, జేఈఈలో రెండు రకాల నష్టం అని ఆయనకు చెప్పాను. మరి రెండు వారాలు ఆగమన్నాను. ఆయన సరే అన్నారు గానీ సంతోషంగా అనలేదు.

నియమాన్ని మాత్రం కుదించాను. అంచనా వాక్యంలా రాయడం మాన్పించి, లెక్క పక్కన మార్జిన్‌లో చిన్న గీత మీద కోణం ఉన్న చోట చుక్క పెట్టమన్నాను. గీత చివర్లు రేంజ్. చుక్క బయట పడితేనే ఆగాలి, లోపల పడితే ముందుకు వెళ్లిపోవచ్చు. ఒక లెక్కకు నాలుగైదు సెకన్లకు మించి పట్టడం లేదు. సైన్ ఇన్వర్స్ (సైన్ 10) ఇచ్చి చూశాను, 10 రేడియన్లు. 57 చొప్పున 573 డిగ్రీలు అనుకున్నాడు, చుక్క గీతకు బాగా బయట పెట్టాడు, 540 తీసేసి 33 మిగిలిందన్నాడు, సైన్ అక్కడ నెగెటివ్ కాబట్టి −33° అన్నాడు. కచ్చితంగా కావాలంటే 3π − 10 రేడియన్లు. నిమిషం లోపే అయింది.

అన్నీ నయమైపోలేదు. నెగెటివ్ కోణాలకు కాస్ ఇన్వర్స్ ఇప్పటికీ తడబడుతుంది. కాస్ ఇన్వర్స్ (కాస్ (−30°)) అంటే −30° అని నోటికి వచ్చేస్తుంది, చుక్క పెట్టాక 30° అని దిద్దుకుంటాడు. ఇంకో ఇబ్బంది నొటేషన్‌ది. సైన్ మీద 2 రాస్తే వర్గం, −1 రాస్తే మాత్రం విలోమం. దీన్ని 1813లో జాన్ హెర్షెల్ వాడుకలోకి తెచ్చాడు, మనం ఇంకా మోస్తున్నాం. దాన్ని 1/సైన్ అని ఇతను ఎప్పుడూ పొరబడలేదు గనుక అటు పోలేదు.

తర్వాతి బ్యాచ్‌కి

మొదటి చాప్టర్‌లో ఇప్పుడు 'కొట్టేసుకుంటాయి' అనడం లేదు. 'వెనక్కి తెస్తుంది, తెచ్చింది ఎవర్నో చూసుకో' అంటున్నాను. కొంచెం పొడుగ్గా ఉంది, పిల్లలు దాని కింద గీతలు గీయడం లేదు, అదీ మంచికే అనుకుంటున్నాను. ఐదో చాప్టర్ మొదలుపెట్టే ముందు ఒక గంట రెండో చాప్టర్‌కి వెనక్కి వెళ్తున్నాను. ప్లస్ లేదా మైనస్ దగ్గర ఎవరూ ఆగకపోతే నేనే ఆపుతున్నాను. ఒప్పజెప్పించే చార్ట్ ఇవ్వడం లేదు, ఎవరిది వాళ్లు చివర్లో రాసుకుంటున్నారు. అవకలన అభ్యాసాల్లో ఎక్స్ 0కీ 1కీ మధ్య అని షరతు ఇచ్చిన ప్రశ్నల పక్కన, షరతు లేకపోతే ఏమవుతుందో కూడా చేయమంటున్నాను. ఇదివరకు పిల్లలు ఆ షరతుని ప్రకటనల కింద ఉండే చిన్న అక్షరాల్లా దాటేసేవారు.

కుర్రాడి కాలేజీ పరీక్షలో ఆ 2ఎక్స్/(1 + ఎక్స్²) లెక్క షరతు లేకుండానే వచ్చింది. 1 లోపల 2/(1 + ఎక్స్²), బయట −2/(1 + ఎక్స్²), ±1 దగ్గర లేదు అని మూడు ముక్కలుగా రాశాడు. మొదటి ముక్కకు టిక్ పడింది, మిగతా రెండింటి మీదా ఎర్ర పెన్నుతో అడ్డగీత. వాడు పేపర్ పట్టుకుని స్టాఫ్‌రూమ్‌కి వెళ్లి, "సార్, ఎక్స్ 2 వేసి, 3 వేసి చూడండి" అన్నాడట. ఆయన ఫోన్ తీసి రెండూ వేసి చూసుకుని, తను కొట్టేసిన గీత పక్కనే టిక్ పెట్టి ఇచ్చారట. మార్కు మాత్రం మారలేదు. మొదటి ముక్కకే ఫుల్ మార్కులు వేసి ఉన్నారు.